పేరు నిలుపుకున్న నగరం

దేశాటనం మనిషి బుద్ధిని విశాలం చేస్తుందని మన పూర్వులు విశ్వసించారు. పండితులతో మైత్రి, శాస్త్రాల పరిశీలనం వంటి జ్ఞానసాధనాల సరసన దేశాటనానికి కూడా స్థానం కల్పించారు. అయితే ఒక ఊరికి వెళ్లి రావడం వేరు, ఆ ఊరిని తెలుసుకొని రావడం వేరు. కాళ్లు నడిచినంత మాత్రాన యాత్ర పూర్తి కాదు. కన్ను చూసినదాన్ని మనస్సు ప్రశ్నించాలి. ఈ కట్టడాన్ని ఎవరు నిర్మించారు? ఏ ప్రయోజనం కోసం నిర్మించారు? దీనికి ఈ పేరు ఎలా వచ్చింది? ఈ విధంగా ప్రశ్నించే యాత్రికునికి రాయి సైతం చరిత్ర చెబుతుంది. ఐరోపా ఖండంలోని ప్రాచీన రాజధానులలో ఒకటైన ప్రాగ్ నగరాన్ని మూడు రోజుల పాటు సందర్శించిన ఒక తెలుగు దంపతుల యాత్ర ఇందుకు చక్కని ఉదాహరణ.

ఆ దంపతులలో భర్త విశ్రాంత చరిత్రోపన్యాసకుడు. భార్య ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లు తెలుగు బోధించిన ఉపాధ్యాయిని. వియన్నా నగరంలో ఉద్యోగం చేస్తున్న కుమార్తెను చూడడానికి వెళ్లి, అక్కడి నుంచి నాలుగు గంటల రైలు ప్రయాణంతో వారు ప్రాగ్ చేరుకొన్నారు. ఇద్దరి ఆసక్తి ఒక్కటే అయినా చూసే తీరు మాత్రం వేరు. చూడవలసిన స్థలాల పట్టిక ఒకటి తయారు చేసుకొని, ఒక్కొక్కటి చూడగానే దానికి గుర్తు పెట్టుకోవడం ఆయన పద్ధతి. ప్రతి వీధి మొగలోనూ, ప్రతి గోడ మీదా కనిపించిన పేర్లను కూడబలుక్కొని చదవడం ఆమె అలవాటు. "ఇలా పేర్లు చదువుతూ నిలబడితే ఊరంతా ఎప్పుడు చూస్తాం?" అని ఆయన తొందరపడేవారు. "పేరైనా తెలియకుండా చూస్తే ఊరు ఏం తెలుస్తుందండీ?" అని ఆమె బదులిచ్చేవారు.

ప్రాగ్ చెక్ గణతంత్ర దేశానికి రాజధాని. స్వదేశీయులు దీనిని 'ప్రాహా' అంటారు. వల్తావా నది ఈ నగరం మధ్యగా ప్రవహిస్తుంది. నదికి ఎడమ గట్టున కొండ మీద కోట, దాని దిగువన చిన్నపేట ఉన్నాయి. కుడి గట్టున పాతపట్టణం, కొత్తపట్టణం ఉన్నాయి. కొత్తపట్టణం అన్న పేరు విని అది మొన్నమొన్నటిదని భ్రమపడరాదు. దానిని స్థాపించినది 1348లో. వేర్వేరుగా ఉండిన ఈ నాలుగు పట్టణాలు 1784లో ఒకే నగరంగా ఏకమయ్యాయి. నగరంలోని చారిత్రక భాగాన్ని 1992లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

మొదటి రోజు ఉదయం ఆ దంపతులు ట్రాము ఎక్కి కోటకు చేరుకొన్నారు. కోట అనగానే మనకు గోల్కొండ వలె బురుజులు, కందకాలు స్ఫురిస్తాయి. ప్రాగ్ కోట అటువంటిది కాదు. 9వ శతాబ్దంలో మొదలై కాలక్రమంలో విస్తరించిన ఈ కోటలో ప్రాసాదాలు, చర్చిలు, ప్రాంగణాలు, తోటలు, ఇరుకు సందులు అన్నీ కలిసి సుమారు 17 ఎకరాల చిన్న పట్టణంలా కనిపిస్తాయి. చెక్ దేశపు పశ్చిమ భాగాన్ని బొహీమియా అంటారు. ఒకప్పుడు బొహీమియా రాజులకు నివాసమైన ఈ కోటలోనే నేడు దేశాధ్యక్షుని కార్యాలయం ఉంది.

కోట నడుమ ఆకాశాన్ని అంటుతున్నట్లు నిలిచినది సెయింట్ వైటస్ మహామందిరం. దీని నిర్మాణం 1344లో ప్రారంభమై 1929లో పూర్తయింది. అనగా పునాది వేసిన తరానికీ, శిఖరం నిలిపిన తరానికీ నడుమ దాదాపు ఆరు శతాబ్దాల ఎడం ఉంది. నిర్మాణానికి మొదట ఆరాస్ పట్టణానికి చెందిన మాథ్యూ ఆధ్వర్యం వహించాడు. ఆయన మరణానంతరం పేటర్ పార్లర్ అనే యువశిల్పి ఆ బాధ్యత స్వీకరించాడు. మందిరం లోపల ఎత్తున ఉన్న వసారాలో రాజులు, రాణులు, మతాధిపతుల ప్రతిమలతో పాటు ఈ ఇద్దరు శిల్పుల ముఖాలను కూడా చెక్కి ఉంచడం గమనింపదగిన విశేషం. రాజు పక్కన శిల్పికి చోటివ్వడం ఆ కాలానికి అరుదైన గౌరవం. ఈ సంగతి వినగానే భార్యకు పాలంపేట గుడి గుర్తుకు వచ్చింది. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ రుద్రేశ్వరాలయాన్ని, సంప్రదాయం చెప్పే ప్రకారం, జనులు శిల్పి పేరనే రామప్ప గుడి అని పిలుచుకొంటున్నారు. 2021లో యునెస్కో గుర్తింపు పొందినప్పుడు కూడా లోకం నోట వినిపించినది ఆ శిల్పి పేరే.

కోటలోని పాత రాజప్రాసాదంలో ఒక సామాన్యమైన కిటికీ ఉంది. దాని చరిత్ర మాత్రం సామాన్యం కాదు. 17వ శతాబ్దారంభంలో బొహీమియాను హాబ్స్‌బర్గ్ వంశీయులు పాలిస్తుండేవారు. వారు కాథలిక్కులు. బొహీమియా ప్రభువులలో అధికులు ప్రొటెస్టెంటులు. తమ మతస్వేచ్ఛకు భంగం కలుగుతున్నదని ఆగ్రహించిన ఆ ప్రభువులు 1618 మే 23న రాజప్రతినిధులు ఇద్దరినీ, వారి కార్యదర్శినీ ఈ ప్రాసాదపు కిటికీలో నుంచి కిందికి పడవేశారు. అంత ఎత్తు నుంచి పడినా ముగ్గురూ బతికి బయటపడ్డారు. కాని ఆ ఘటన రేపిన వైరం ఐరోపాలో ముప్పై ఏళ్ల యుద్ధానికి దారితీసి 1648 దాకా లక్షలాది ప్రాణాలను బలిగొన్నది.

కోటలోనే బంగారు వీధి అనే సన్నని సందు ఉంది. బొమ్మరిళ్ల వంటి అక్కడి ఇళ్లలో 22వ నంబరు ఇంటిని ప్రసిద్ధ రచయిత ఫ్రాంజ్ కాఫ్కా 1916, 1917 సంవత్సరాలలో రచనకు వాడుకొన్నాడు. ప్రాగ్‌లోనే పుట్టి పెరిగినా కాఫ్కా రాసినది చెక్ భాషలో కాదు, జర్మన్ భాషలో. "ఊరిది ఒక భాష, రచయితది మరొక భాష. ఇదెలా జరిగింది?" అని భార్య అడిగారు. "కిటికీ దగ్గర మొదలైన కథ ముగిస్తే నీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. అది రేపు పాతపట్టణంలో ఉంది" అన్నారు భర్త.

సాయంత్రం వారు చిన్నపేట మీదుగా నడిచి నదిని చేరుకొన్నారు. అంతకుముందున్న రాతి వంతెన 1342 వరదలకు కొట్టుకుపోగా, నాల్గవ చార్లెస్ 1357లో కొత్త వంతెనకు శంకుస్థాపన చేశాడు. చార్లెస్ బొహీమియా రాజే కాక, పవిత్ర రోమన్ సామ్రాజ్యానికి చక్రవర్తి కూడా. 1348లో మధ్య ఐరోపాలో తొలి విశ్వవిద్యాలయాన్ని ప్రాగ్‌లో స్థాపించినవాడు ఆయనే. సుమారు 516 మీటర్ల పొడవున 16 కమానుల మీద నిలిచిన ఈ వంతెనే 1841 వరకు నగరంలో నది దాటడానికి ఉన్న ఏకైక సేతువు. చిత్రమేమిటంటే శతాబ్దాల పాటు దీనిని జనులు 'రాతి వంతెన' అనే పిలిచారు. నిర్మాత పేరున 'చార్లెస్ వంతెన' అని వ్యవహరించడం 1870 నుంచి మాత్రమే మొదలైంది.

ఈ వంతెనకు పెట్టిన ముహూర్తం గురించి ఒక ఐతిహ్యం ఉంది. 1357వ సంవత్సరం, 9వ తేదీ, 7వ నెల, ఉదయం 5 గంటల 31 నిమిషాలకు శంకుస్థాపన జరిగిందట. ఈ అంకెలను వరుసగా రాస్తే 135797531 అవుతుంది. ముందు నుంచి చదివినా, వెనుక నుంచి చదివినా సంఖ్య మారదు. మన 'వికటకవి' అన్న మాట అటువంటిదే కదా! ముహూర్త బలం మీద నమ్మకం ఏ ఒక్క దేశపు సొత్తూ కాదని ఈ కథ తెలుపుతుంది. వంతెనకు ఇరువైపులా 30 విగ్రహాలు, విగ్రహసముదాయాలు ఉన్నాయి. వాటిలో ప్రసిద్ధమైనది 1683లో ప్రతిష్ఠించిన నెపోముక్ యాన్ విగ్రహం. 1393లో రాజాజ్ఞపై ఈ మతగురువును చంపించి నదిలో పడవేశారు. రాణి తనతో చెప్పుకొన్న రహస్యాలను రాజుకు వెల్లడించనందుకే ఆయన ప్రాణం పోయిందని జనశ్రుతి. విగ్రహం అడుగున ఉన్న కంచు ఫలకాలు సందర్శకుల చేతిస్పర్శతో మెరుస్తుంటాయి. మాట దాచినవాని పేరును లోకం దాచలేదు.

రెండవ రోజు వారు వంతెన కుడి కొసన ఉన్న బురుజు కింది నుంచి పాతపట్టణంలో ప్రవేశించారు. పాతపట్టణపు పురభవనం గోడకు అమర్చిన ఖగోళ గడియారం ఆ నగరానికే అలంకారం. దీనిని 1410లో నిర్మించారు. గంట గంటకూ పై కిటికీలు తెరచుకొని క్రీస్తు శిష్యులు పన్నెండుగురి బొమ్మలు ఒకదాని వెంట ఒకటి కనిపిస్తాయి. అస్థిపంజర రూపంలో ఉన్న మృత్యువు గంట మోగిస్తుంది. ఆ పక్కనే అద్దంలో ముఖం చూసుకొనే దురభిమాని, డబ్బు సంచి పట్టుకొన్న లోభి 'అప్పుడే వద్దు' అన్నట్లు తల ఊపుతారు. చివర కోడి కూస్తుంది. బొమ్మల ఆట చూసి జనం వెళ్లిపోయారు గాని, ఆ దంపతులు గడియారపు ముఖాన్ని పరిశీలిస్తూ నిలిచారు.

ఆ గడియారం ఒక్క కాలమానాన్ని చూపేది కాదు. నేటి గంటలతో పాటు, సూర్యాస్తమయం నుంచి దినాన్ని లెక్కించే పాత బొహీమియా గంటలను కూడా చూపుతుంది. ఉదయం నుంచి అస్తమయం వరకు గల పగటిని పన్నెండు భాగాలు చేసి, రుతువును బట్టి పెరిగే తరిగే గంటలను చూపుతుంది. సూర్యచంద్రులు ఏ రాశిలో ఉన్నారో, చంద్రుడు ఏ కళలో ఉన్నాడో తెలుపుతుంది. మన పంచాంగం చేసే పని కూడా ఇదే. అక్కడ దినం అస్తమయంతో మొదలైతే మన వారం సూర్యోదయంతో మొదలవుతుంది. మనం రాహుకాలం గుణించడానికి పగటిని ఎనిమిది భాగాలు చేస్తాం. పగటి నిడివిని బట్టి కాలాన్ని కొలవడం రెండు సంప్రదాయాలకూ సమానం.

గడియార నిర్మాత గురించి శతాబ్దాల పాటు ఒక తప్పుడు కథ ప్రచారంలో ఉండేది. హనుష్ అనే పనివాడు దీనిని చేశాడనీ, మరొక ఊరికి ఇటువంటిది చేయరాదని నగర పెద్దలు అతని కళ్లు పొడిపించారనీ ఆ కథ సారాంశం. 20వ శతాబ్దంలో పరిశోధకులు పాత పత్రాలను పరిశీలించి, అసలు నిర్మాత కడాన్ పట్టణవాసి మికులాష్ అని, ఖగోళ గణితంలో ఆయనకు తోడ్పడినది విశ్వవిద్యాలయ ఆచార్యుడు యాన్ షిండెల్ అని నిర్ధారించారు. 1945 మే నెలలో నగర ప్రజలు నాజీ సైన్యం మీద తిరగబడినప్పుడు ఈ గడియారం తీవ్రంగా దెబ్బతిన్నది. 1948లో దానిని మళ్లీ నడిపించారు. కాలం ఆగిన చోట మనుషులు దానిని తిరిగి కదిలించారు. మరుగుపడిన నిర్మాతకు తిరిగి పేరు ఇచ్చారు.

పురభవనం ముందరి నేల మీద తెల్లరాళ్లతో పొదిగిన 27 శిలువ గుర్తులు ఉన్నాయి. కోటలోని కిటికీ దగ్గర మొదలైన కథకు ముగింపు ఇక్కడ ఉంది. 1620 నవంబరులో ప్రాగ్ సమీపాన శ్వేతపర్వతం వద్ద జరిగిన యుద్ధంలో బొహీమియా ప్రభువులు ఓడిపోయారు. 1621 జూన్ 21న తిరుగుబాటు నాయకులు 27 మందికి ఈ కూడలిలో మరణశిక్ష అమలు జరిపారు. పన్నెండుగురి తలలను వంతెన బురుజుకు వేలాడదీసి పదేళ్లు అలాగే ఉంచారు. హతులలో యాన్ యెసెన్స్కీ అనే వైద్యుడు ఉన్నాడు. 1600లో ప్రాగ్‌లో తొలి బహిరంగ శవపరీక్ష చేసి వైద్యవిద్యకు మార్గం చూపిన ఆ పండితుడు విశ్వవిద్యాలయాధిపతిగా ఉండి తిరుగుబాటుదారుల పక్షాన మాట్లాడాడు. అందుకు తల తీయడానికి ముందు ఆయన నాలుక కోశారు. పురభవనం గోడ మీది ఫలకంలో ఆ 27 మంది పేర్లూ చెక్కి ఉన్నాయి. భార్య వాటిని మొదటి నుంచి చివరి దాకా చదివారు. భర్త తొందరపెట్టలేదు.

ఒక మనిషి నాలుక కోసిన ఆ కాలం, ఒక జాతి నాలుకకు కూడా గండం తెచ్చింది. 1627లో కొత్త శాసనం జర్మన్ భాషకు చెక్ భాషతో సమాన స్థాయి కల్పించింది. సమానమన్నది పేరుకే. ప్రభువుల కొలువులలో, కార్యాలయాలలో, విద్యాలయాలలో క్రమక్రమంగా జర్మన్ భాష స్థిరపడింది. 18వ శతాబ్దాంతానికి చెక్ భాష ఎక్కువగా పల్లెవాసుల నోట, పట్టణాలలో పేదల నోట మిగిలింది. చదువుకొన్నవాడు జర్మన్‌లో మాట్లాడడమే గౌరవమన్న భావం బలపడింది.

ఆ భాషకు అంతకుముందే గొప్ప సంప్రదాయం ఉండేది. కూడలి నడుమ కనిపించే మహావిగ్రహం యాన్ హుస్‌ది. విశ్వవిద్యాలయ ఆచార్యుడైన హుస్ 1402 నుంచి బెత్లెహేం ప్రార్థనా మందిరంలో లాటిన్‌లో కాక ప్రజల భాషలో ప్రబోధించాడు. మతాధిపతుల అవినీతిని విమర్శించినందుకు 1415 జూలై 6న ఆయనను సజీవంగా దహనం చేశారు. సరిగ్గా 500 ఏళ్లకు, 1915లో ఈ విగ్రహం వెలసింది. చెక్ అక్షరాల మీద గుర్తులు పెట్టి ఒక్కొక్క ధ్వనిని ఒక్కొక్క అక్షరంతో రాసే పద్ధతిని ప్రతిపాదించిన వ్యాకరణ గ్రంథం ఆయనదే అని సంప్రదాయం చెబుతుంది. దుకాణాల బోర్డుల మీది అక్షరాల నెత్తిన ఆ చిన్న గుర్తులను చూసి, "మన తలకట్టు, గుడి వంటివే ఇవీ" అని భార్య మురిసిపోయారు.

క్షీణిస్తున్న ఆ భాషను నిలబెట్టినవారు సైనికులు కారు, వ్యాకరణవేత్తలు, నిఘంటుకర్తలు. యోసెఫ్ డోబ్రోవ్‌స్కీ 1809లో చెక్ భాషకు సమగ్ర వ్యాకరణం రాశాడు. విచిత్రమేమంటే దానిని రాసినది జర్మన్ భాషలో. చదువరులు ఆ భాషవారే మరి. ఆయన తరువాత యోసెఫ్ యుంగ్‌మన్ అయిదు సంపుటాల చెక్-జర్మన్ నిఘంటువును 1839 నాటికి పూర్తిచేశాడు. పాత గ్రంథాల నుంచి మాటలు ఏరాడు. పల్లెల మాటలు చేర్చాడు. పోలిష్, రష్యన్ వంటి సోదర భాషల నుంచి పదాలు తెచ్చుకొన్నాడు. శాస్త్రవిషయాలు చెప్పడానికి ఈ భాష చాలదన్న మాటకు ఆ నిఘంటువే సమాధానమైంది. దాదాపు అదే కాలంలో మన దేశంలో బ్రౌను తెలుగు తాళపత్రాలను సేకరించి, పరిష్కరింపజేసి, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించాడు. భాషను బతికించడానికి మొదట కావలసినది దాని మాటలను లెక్కపెట్టి భద్రపరచేవాడు అన్న సత్యాన్ని రెండు చోట్లా చూడవచ్చు.

భాష పుస్తకాలలో నిలిస్తే చాలదు, రంగస్థలం మీద పలకాలి. రెండవ రోజు సాయంత్రం వారు నది ఒడ్డున ఉన్న జాతీయ నాట్యశాలకు వెళ్లారు. చెక్ భాషలో నాటకాలు ఆడడానికి ఒక శాల కావాలని ప్రజలు కోరుకొన్నారు. రాజు ఇచ్చే ధనం కోసం ఎదురుచూడక ఊరూరా చందాలు పోగుచేశారు. 1868లో పునాదిరాళ్లు వేశారు. 1881 జూన్‌లో స్మెతానా సంగీతరూపకంతో శాలను తెరిచారు. రెండు నెలలు గడిచాయో లేదో, ఆగస్టు 12న మంటలంటుకొని శాల కాలిపోయింది. ప్రజలు మళ్లీ చేతులు చాచారు. 47 రోజులలో పది లక్షల నాణేల చందా పోగైంది. 1883 నవంబరు 18న అదే సంగీతరూపకంతో నాట్యశాల తిరిగి తెరచుకొన్నది. వేదిక పైభాగాన బంగారు అక్షరాలతో రెండే మాటలు ఉన్నాయి. వాటి అర్థం 'జాతి తనకు తాను' అని. ఆ మాటలు చెక్ భాషలో ఉన్నాయి. ఎవరు కట్టారో, ఎవరి కోసం కట్టారో ఆ రెండు మాటలలోనే తెలుస్తుంది.

మూడవ రోజు ఉదయం భర్త పట్టికలో ఇంకా తొమ్మిది స్థలాలు మిగిలి ఉన్నాయి. మొదటిది పాతపట్టణాన్ని ఆనుకొని ఉన్న యూదుల పేట. అక్కడి పాత శ్మశానంలో 15వ శతాబ్దం మొదలు 1787 వరకు ఖననాలు జరిగాయి. యూదులకు వేరొక చోటు లేనందున ఉన్న సమాధుల మీదనే మట్టి పోసి, పొర మీద పొరగా కొత్త సమాధులు చేశారు. పాత రాళ్లను మాత్రం పారవేయలేదు. ప్రతిసారీ పైకి తెచ్చి నిలబెట్టారు. అందుచేత సుమారు 12,000 సమాధిరాళ్లు ఒకదానిపై ఒకటి వాలి గుంపుగా కనిపిస్తాయి. మనిషి కింది పొరలో ఉన్నా, పేరు పై పొరలో ఉంది.

శ్మశానం పక్కన పింకస్ ప్రార్థనాలయం ఉంది. లోపల విగ్రహాలు లేవు, చిత్రాలు లేవు. గోడల నిండా చేతితో రాసిన పేర్లు ఉన్నాయి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు హతమార్చిన బొహీమియా, మొరేవియా ప్రాంతాల యూదులు దాదాపు 78,000 మంది పేర్లు అవి. ఊరి పేరు, ఇంటి పేరు, వ్యక్తి పేరు, పుట్టిన తేదీ, సజీవంగా ఉన్నట్లు చివరిసారి తెలిసిన తేదీ వరుసగా ఉంటాయి. వీటిని మొదట 1954 నుంచి 1959 వరకు ఇద్దరు చిత్రకారులు రాశారు. 1968లో నేల నుంచి పైకెక్కిన చెమ్మ కారణంగా మందిరాన్ని మూసివేశారు. ఆనాటి కమ్యూనిస్టు ప్రభుత్వ కాలంలో అది ఏళ్ల తరబడి మూతబడే ఉంది. గోడల మీది పేర్లు పోయాయి. చనిపోయినవారు రెండవసారి చనిపోయినట్లయింది. స్వేచ్ఛ వచ్చిన తరువాత, 1992 నుంచి 1996 వరకు శ్రమించి ఆ పేర్లన్నిటినీ మొదటి నుంచి మళ్లీ రాశారు.

మేడ మీద పిల్లలు వేసిన బొమ్మలు ఉన్నాయి. తెరెజీన్ నిర్బంధ శిబిరంలో ఫ్రీడ్ల్ డికర్ బ్రాండెయిస్ అనే చిత్రకారిణి పిల్లలకు రహస్యంగా బొమ్మలు వేయడం నేర్పింది. సీతాకోకచిలుకలు, ఇళ్లు, రైళ్లు, భోజనపు బల్లలు ఆ బొమ్మలలో ఉన్నాయి. 1944లో ఆమెను ఆష్విట్జ్‌కు పంపి చంపివేశారు. పిల్లలలో అత్యధికులు తిరిగి రాలేదు. సుమారు 4,500 బొమ్మలు రెండు పెట్టెలలో భద్రంగా మిగిలాయి. వాటి మీద పిల్లల పేర్లు ఉన్నాయి.

ఆ మందిరంలో భార్య కంటే భర్తే ఎక్కువ సేపు ఉన్నారు. ఆయన ఒక ఊరి పేరు పట్టుకొని, ఆ ఊరివారి పేర్లు ఒక్కొక్కటి పెదవులు కదుపుతూ చదివారు. ఒకే ఇంటి పేరు కింద తాత, కోడలు, ఏడాది నిండని పసిబిడ్డ ఉన్నారు. 78,000 అన్న సంఖ్యను ఆయన ఎన్నో తరగతులలో పాఠంగా చెప్పి ఉండవచ్చు. సంఖ్య కంటికి కనిపించదు. పేరు కనిపిస్తుంది. బయటికి వచ్చిన తరువాత ఆయన పట్టికను మడిచి జేబులో పెట్టుకొన్నారు. ఆ రోజు మిగిలిన స్థలాలలో వారు చూసినవి రెండే.

వాటిలో మొదటిది యాన్ పాలఖ్ కూడలి. చార్లెస్ విశ్వవిద్యాలయపు తత్త్వశాస్త్ర, సాహిత్య విభాగం భవనం అక్కడ ఉంది. ఈ విశ్వవిద్యాలయానికి మన దేశంతో చక్కని అనుబంధం ఉంది. ఇక్కడి ఆచార్యుడు విన్సెంట్స్ లెస్నీ బెంగాలీ నేర్చి రవీంద్రుని రచనలను నేరుగా చెక్‌లోకి అనువదించాడు. రవీంద్రుడు 1921లో, 1926లో ప్రాగ్‌కు వచ్చాడు. నగరంలో ఆయన పేరున ఒక వీధి ఉంది. తెలుగు, తమిళం మొదలైన ద్రావిడ భాషల ధ్వనులను తులనాత్మకంగా పరిశీలించిన కామిల్ జ్వెలెబిల్ ఈ విశ్వవిద్యాలయంలోనే చదువుకొన్నాడు. 1968 పరిణామాల తరువాత ఆయన స్వదేశం విడిచి వెళ్లవలసి వచ్చింది.

ఏమిటా పరిణామాలు? 1968లో చెకొస్లొవేకియా నాయకులు పత్రికాస్వేచ్ఛ వంటి సంస్కరణలు తలపెట్టారు. వాటిని సహించలేక ఆగస్టు 21న సోవియట్ నాయకత్వంలోని సైన్యాలు దేశంలో చొరబడ్డాయి. ప్రజల చేతిలో ఆయుధాలు లేవు. వారు ఒక ఉపాయం చేశారు. రాత్రికి రాత్రి వీధుల పేర్ల పలకలు ఊడదీశారు. ఇళ్ల నంబర్లకు రంగు పూశారు. దారి చూపే బోర్డుల మీద 'మాస్కో' అని రాశారు. వచ్చిన సైనికులకు ఏ వీధి ఏదో తెలియలేదు. పేరు నిలుపుకోవడానికి ఆ నగరం కొన్నాళ్లు తన పేర్లను తానే దాచుకొన్నది.

అయినా ఆక్రమణ ఆగలేదు. ప్రజలు నిరాశలో మునిగిపోతున్న వేళ, 1969 జనవరి 16న ఇరవై ఏళ్ల విద్యార్థి యాన్ పాలఖ్ నగరంలోని వాత్స్‌లావ్ కూడలిలో ఆత్మాహుతికి పాల్పడ్డాడు. మూడు రోజులకు మరణించాడు. ప్రాణం తీసుకోవడం అనుసరింపదగిన మార్గం కాదు. కాని ఆ యువకుని వేదన దేశాన్ని కదిలించింది. అతని సమాధికి జనం రావడం చూసి జంకిన ప్రభుత్వం 1973లో సమాధిని తవ్వించి అతని పేరే అక్కడ లేకుండా చేసింది. 1990లో అతని చితాభస్మం తిరిగి ప్రాగ్ చేరింది. అంతవరకు సోవియట్ సైన్యం పేరు మోసిన ఈ కూడలికి అతని పేరు వచ్చింది.

సాయంత్రానికి వారు వాత్స్‌లావ్ కూడలి చేరుకొన్నారు. కూడలి అన్న పేరే గాని ఇది సుమారు 750 మీటర్ల పొడవైన విశాలమైన రాజవీధి. 1989 నవంబరులో విద్యార్థుల ఊరేగింపును పోలీసులు చెదరగొట్టిన తరువాత లక్షలాది ప్రజలు ఇక్కడ చేరారు. రాయి విసరలేదు. జేబులలోని తాళపుచెవులు తీసి మోగించారు. 'ఇక మీరు ఇంటికి వెళ్లవచ్చు' అని పాలకులకు చెప్పడం దాని భావం. డిసెంబరు 29న నాటకకర్త వాత్స్‌లావ్ హావెల్ దేశాధ్యక్షుడయ్యాడు. రక్తపాతం లేనందున దీనికి వెల్వెట్ విప్లవమని పేరు వచ్చింది. 1993 జనవరి 1న చెక్, స్లొవాక్ దేశాలు శాంతియుతంగా విడిపోయాయి.

ఈ చరిత్రకు మరొక పార్శ్వం కూడా ఉంది. 1945 తరువాత, నాజీల అకృత్యాలకు ప్రతిగా, చెకొస్లొవేకియా నుంచి సుమారు ముప్పై లక్షల మంది జర్మన్ భాషీయులను వెళ్లగొట్టారు. వారిలో నిరపరాధులు ఎందరో ఉన్నారు. కాఫ్కా రాసిన భాష ఆ వీధులలో దాదాపు వినిపించకుండా పోయింది. చెక్ భాషకు ఒకప్పుడు ముప్పు తెచ్చినది భాష కాదు, అధికారం. అధికారం చేతికి వచ్చినప్పుడు పరాయివారి పేర్లను చెరిపివేయకుండా ఉండడం కూడా నాగరికతే. తన పేరు నిలుపుకోవడంలో ప్రాగ్ నేర్పే పాఠం ఎంత గొప్పదో, ఈ విషయంలో చేసే హెచ్చరిక అంత విలువైనది.

ప్రాగ్ వంటి నగరానికి వెళ్లే అవకాశం అందరికీ రాకపోవచ్చు. కాని చూడడం నేర్చుకోవడానికి అంత దూరం వెళ్లనక్కరలేదు. మన ఊరి చెరువు ఎవరు తవ్వించారు? గుడి ముందరి శిలాశాసనంలో ఎవరి పేరు ఉంది? మన బడికి స్థలమిచ్చినవారెవరు? వీధికి పాతపేరు ఏమిటి? అవ్వలు, తాతలు వాడే ఏ మాటలు మన నోట వినిపించడం లేదు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవారు ప్రతి ఊరిలో ఇంకా కొందరున్నారు. వారిని అడిగి రాసిపెట్టుకోవడానికి ఒక కలం, ఒక పుస్తకం చాలు. రాళ్లు తమంత తాము పేర్లను నిలపలేవు. చెమ్మకు అక్షరం చెరుగుతుంది, మంటకు మందిరం కూలుతుంది. చెరిగిన ప్రతిసారీ మళ్లీ రాసే చేతులు ఉన్న ఊరే పేరు నిలుపుకొంటుంది.